'సోఫియా' నుంచి 'జీవధార' దాకా: కాథలిక్ మేధో పత్రికల్లో దళితుడి చోటెక్కడ?

మన దేశంలో కాథలిక్ ఆలోచనల చరిత్ర రాసినవాళ్లందరూ దాదాపు ఒకే వరస చెప్తారు. డి నోబిలీ దగ్గర మొదలుపెట్టి, బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ నడిపిన 'సోఫియా' మీదుగా, కలకత్తా జెసూట్ల 'లైట్ ఆఫ్ ది ఈస్ట్'ను తాకి, 'విద్యాజ్యోతి', 'జీవధార'ల దగ్గర ఆగుతారు. ఈ వరసకు వాళ్లు పెట్టిన పేరు 'భారతీయ క్రైస్తవ చింతన'. ఇందులో భారతీయం అంటే ఏమిటని అడిగితే ఉపనిషత్తులు, శంకరుడు, రామానుజుడు, సచ్చిదానందం అని జవాబొస్తుంది. మాలవాడ, మాదిగవాడ ఆ జవాబులో ఉండవు. కానీ ఆదివారం పూజకు గుడి నిండేది ఆ వాడల మనుషులతోనే.

గుడిలో సంఖ్య ఒకరిది, పత్రికలో పేజీ ఇంకొకరిది. ఈ తేడా ఎట్లా వచ్చింది, ఎప్పుడు పగిలింది, ఎంతవరకు పగిలింది అన్నది ఈ వ్యాసం విషయం. సూర్యాపేట జిల్లా అనంతగిరి, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతంలో పనిచేసే కార్యకర్తలకూ, చదువుకునే పిల్లలకూ, పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకూ కలకత్తా ఇంగ్లీషు పత్రికల గొడవ ఎందుకని అనిపించవచ్చు. ఎందుకో చివరికి తేలుతుంది. ముందు చరిత్ర చూద్దాం.

పత్రికకు ముందు పద్ధతి

రాబర్ట్ డి నోబిలీ 1606లో మధురై చేరాడు. ఇటలీ దొర కుటుంబంలో పుట్టిన జెసూట్ ఆయన. ఫరంగీల మతం అంటే తక్కువ కులాల మతమని మధురై పెద్దలు అనుకుంటున్నారని గ్రహించి, తాను ఫరంగీని కానన్నాడు. కాషాయం కట్టాడు, శాకాహారి అయ్యాడు, బ్రాహ్మణ వంటవాణ్ని పెట్టుకున్నాడు, తక్కువ కులాల వాళ్లతో బహిరంగ సంబంధం తెంచుకున్నాడు. మతం మారిన బ్రాహ్మణులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చని 1623లో పోపు పదిహేనో గ్రెగరీ అనుమతి ఇచ్చాడు. పై కులాలకు ఒక రకం స్వాములు, కింది కులాలకు ఇంకో రకం స్వాములు అనే ఏర్పాటు తర్వాత స్థిరపడింది.

1704లో రోము ప్రతినిధి టూర్నన్ పుదుచ్చేరిలో ఈ ఆచారాలను తప్పుపడుతూ ఆజ్ఞ జారీ చేశాడు. జబ్బుపడ్డ పరయల ఇళ్లకు కూడా గురువులు వెళ్లి చివరి సంస్కారాలు ఇవ్వాలన్నది అందులో ఒక ముఖ్యమైన షరతు. ఇంత చిన్న మాట మీద నలభై ఏళ్లు తగాదా నడిచింది. పరయ ఇంటి గడప తొక్కితే పై కులాల వాళ్లు మతం వదిలిపోతారని జెసూట్ల భయం. చివరికి 1744లో పోపు పధ్నాలుగో బెనెడిక్ట్ కాలంలో కుదిరిన రాజీ ఏమిటంటే, పరయల కోసం వేరే మిషనరీలను పెట్టడం. గడప తొక్కే సమస్యను గడప తొక్కేవాణ్ని వేరు చేసి పరిష్కరించారు.

తెలుగు నేలకు కాథలిక్ మతం వచ్చిన దారి కూడా ఇదే. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు వైపు నుంచి, సన్యాసి వేషంతోనే, కర్ణాటక మిషన్ పేరుతో వచ్చారు. అనంతపురం ప్రాంతంలో కొన్ని రెడ్డి కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. యుద్ధాలు, కరువులు తరిమితే ఆ కుటుంబాలు గుంటూరు వైపు కదిలాయి. ఫిరంగిపురం, రెంటచింతల లాంటి చోట్ల నిలబడ్డాయి. అక్కడి నుంచి కృష్ణ దాటి నిజాం ఇలాకాలోకి కూడా వచ్చాయి. మట్టంపల్లి శుభవార్త దేవాలయం పేరు హుజూర్‌నగర్ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. భూమి, గుడి, పెద్దరికం కలిసి నడిచిన చరిత్ర అది.

ఆ 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి తెలుగులో క్రీస్తు కథను ప్రబంధంగా రాశాడు. దాని పేరు 'వేదాంత రసాయనం'. పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కథ యూదయ దేశపు వడ్రంగి కొడుకుది. తెలుగు సాహిత్యంలోకి అడుగుపెట్టడానికి ఆ వడ్రంగి కొడుక్కు వేదాంతం అనే కండువా కావలసి వచ్చింది. పత్రికలు ఇంకా పుట్టలేదు. పుట్టాక అవి నడవబోయే బాట మాత్రం అప్పటికే పడిపోయింది.

'సోఫియా': సన్యాసి సంపాదకుడు

భారతీయ కాథలిక్ మేధో పత్రికల్లో ఎక్కువగా చెప్పుకునే 'సోఫియా' 1894 జనవరిలో కరాచీలో ఇంగ్లీషు మాసపత్రికగా మొదలైంది. దాని సంపాదకుడు భవానీచరణ్ బందోపాధ్యాయ. 1861లో బెంగాలు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, కేశవచంద్ర సేన్ ప్రభావంలో బ్రహ్మసమాజంలో చేరి, సింధులోని హైదరాబాదుకు ఉపాధ్యాయుడిగా వెళ్లాడు. మన హైదరాబాదు కాదది. 1891లో ముందు ఆంగ్లికన్‌గా, అదే ఏడాది కాథలిక్‌గా మారాడు. 1894 చివర కాషాయం కట్టి బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ అయ్యాడు.

'సోఫియా' తొలి ఏళ్లలో దివ్యజ్ఞాన సమాజంతో, ఆర్యసమాజంతో వాదాలు నడిపింది. అద్వైతాన్ని కూడా ఖండించింది. 1897-98 నాటికి సంపాదకుడి దృష్టి మారింది. యూరపులో అరిస్టాటిల్ తత్వాన్ని పునాది చేసుకుని థామస్ అక్వినాస్ క్రైస్తవ సిద్ధాంతం కట్టినట్టే, ఇక్కడ శంకర వేదాంతాన్ని పునాది చేసుకోవాలన్నాడు. త్రిత్వాన్ని సచ్చిదానందంగా స్తుతించే ఆయన సంస్కృత కీర్తన 1898లో ఆ పత్రికలోనే అచ్చయింది. తాను పుట్టుకతో హిందువుననీ, విశ్వాసంతో కాథలిక్‌ననీ ప్రకటించుకున్నాడు. నర్మద ఒడ్డున జబల్పూర్ దగ్గర కాథలిక్ సన్యాసుల మఠం పెట్టబోతే 1899లో అధికారులు సాగనివ్వలేదు.

1900లో 'సోఫియా' కలకత్తా నుంచి వారపత్రికగా మళ్లీ వచ్చింది. రోము ప్రతినిధి జలెస్కీ కాథలిక్కులు దాన్ని చదవకూడదన్నాడు. ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. 1901లో వచ్చిన 'ట్వెంటియెత్ సెంచరీ'కి కూడా అదే గతి పట్టింది. తర్వాత ఉపాధ్యాయ్ బెంగాలీలో 'సంధ్య' అనే దినపత్రిక నడిపి, రాజద్రోహం కేసులో ఇరుక్కుని, విచారణ నడుస్తుండగానే 1907 అక్టోబరులో ఆసుపత్రిలో చనిపోయాడు.

ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా దీన్ని ఒక దేశభక్తుడి విషాదంగా చెప్తారు. తెల్ల అధికారులు నల్ల మేధావి నోరు నొక్కేశారంటారు. అందులో నిజముంది. వలస పాలన రోజుల్లో, రోము మాటే వేదమైన చర్చిలో, ఒక భారతీయుడు సొంతంగా ఆలోచించే హక్కు అడగడం చిన్న విషయం కాదు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే.

కానీ ఇంకో ముఖం కూడా ఉంది. ఈ ఉపాధ్యాయే వర్ణాశ్రమ ధర్మాన్ని బాహాటంగా సమర్థించాడు. 1902-03లో ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో హిందూ సమాజ వ్యవస్థ గొప్పతనం మీద ఉపన్యాసాలిచ్చాడు. సముద్రం దాటినందుకు, యూరపు వాళ్లతో కలిసి తిన్నందుకు 1907లో ప్రాయశ్చిత్తం కూడా చేసుకున్నాడు. కులం సామాజిక ఏర్పాటు, క్రీస్తు ఆత్మ విషయం, రెండూ వేరువేరని ఆయన వాదన. ఆ రెంటినీ వేరు చేయగలిగిన సౌకర్యం ఆయన పుట్టుకలో ఉంది. మాదిగవాడలో పుట్టినవాడికి ఆ సౌకర్యం లేదు. వాడికి కులం బయట అరుగు మీద, చెరువు గట్టు మీద, గుడిలో కూర్చునే చోట, చివరికి సమాధుల దొడ్డిలో కూడా ఎదురవుతుంది.

ఇక్కడ గమనించాల్సిన అసలు విషయం ఒకటుంది. చర్చి అధికారులు ఉపాధ్యాయ్ మీద చాలా అభ్యంతరాలు పెట్టారు. అనుమతి లేకుండా వేదశాస్త్రం రాస్తున్నాడన్నారు, హిందూ తత్వాన్ని కలుపుతున్నాడన్నారు, రాజకీయాలు రాస్తున్నాడన్నారు. వర్ణాన్ని సమర్థిస్తున్నాడన్నది ఆ గొడవలో ప్రధాన నేరం కాలేదు. నిషేధించినవాడికీ, నిషేధం పడ్డవాడికీ మధ్య ఎంత దూరం ఉన్నా, కులం విషయంలో ఇద్దరికీ కొట్లాట లేదు.

రెండు పత్రికలు, రెండు లోకాలు

ఉపాధ్యాయ్ ఆశయాన్ని పదిహేనేళ్ల తర్వాత బెల్జియం జెసూట్లు అందుకున్నారు. జార్జ్ డాండోయ్ సంపాదకత్వంలో 1922లో కలకత్తా నుంచి 'లైట్ ఆఫ్ ది ఈస్ట్' మొదలైంది. 1946 దాకా నడిచింది. పియెర్ యోహాన్స్ అందులో వేదాంతం ద్వారా క్రీస్తు దగ్గరికి వెళ్లడమెట్లాగో వరసగా ఏళ్ల తరబడి రాశాడు. శంకరుడు, రామానుజుడు, వల్లభుడు ఒక్కొక్కరినీ లోతుగా చదివి, వాళ్లలోని సత్యాలన్నీ అక్వినాస్ దగ్గర ఒకచోట కలుస్తాయని చూపే ప్రయత్నం చేశాడు. పాండిత్యంలో దానికి వంక పెట్టలేం. హిందువులందరూ చీకట్లో ఉన్నారని తిట్టే మిషనరీ రాతల కంటే అది ఎంతో మర్యాద గల రాత.

అయితే అదే కాలంలో ఇంకేం పత్రికలు వస్తున్నాయో పక్కన పెట్టి చూడాలి. 'లైట్ ఆఫ్ ది ఈస్ట్' కంటే రెండేళ్ల ముందు, 1920 జనవరిలో, అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలైంది. 1927లో 'బహిష్కృత భారత్' వచ్చింది. మన దగ్గర 1917లో బెజవాడ సభలో మనం పంచములం కాము, ఆది ఆంధ్రులం అని తీర్మానం చేసుకున్నారు. ఆ సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ 1931లో హైదరాబాదు నుంచి 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. అంటే యోహాన్స్ వల్లభుడి మీద రాస్తున్న రోజుల్లో అంటరానివాళ్లు తమ గురించి తామే రాసుకోవడం మొదలుపెట్టారు. మతం అంటే ఏమిటి, దేవుడు ఎవరి పక్షం, మనిషికి మనిషికి సంబంధం ఎట్లా ఉండాలి అన్నవే వాళ్ల ప్రశ్నలు కూడా. వేదశాస్త్రమంటే ఇంతకు మించి ఏముంటుంది? కానీ వేదాంతంలో క్రీస్తును వెతికిన పత్రికకు 'మూక్‌నాయక్'లో క్రీస్తును వెతకాలని తోచలేదు.

తెలుగులో ఇంకో ఉదాహరణ జాషువా. వినుకొండ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనం అనుభవించి, 1941లో 'గబ్బిలం' రాశాడు. ఆ కావ్యంలో పేదవాడు తన మొరను కాశీలోని శివుడికి గబ్బిలంతో పంపుకుంటాడు. దేవుడు, గుడి, గడప, ప్రవేశం అన్నీ అందులో చర్చకొచ్చాయి. క్రైస్తవ వాడలో పుట్టిన మనిషి చేసిన ఇంత పెద్ద ఆలోచన కావ్యంగా నిలబడింది. భారతీయ క్రైస్తవ చింతన అనే వరసలో మాత్రం జాషువాను చేర్చినవాళ్లు అరుదు.

వేదాంత మార్గం ఆశించిన ఫలితం కూడా ఇవ్వలేదు. ఏ బ్రాహ్మణ పండితుల కోసం ఈ శ్రమంతా పడ్డారో వాళ్లు రాలేదు. వచ్చినవాళ్లు వేరే. 1878 జులైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. కరువు రోజులవి. అంతకు ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తన చుట్టాల్లో, తన వాడల్లో తిరిగి వేసిన పునాది మీద ఆ ఉద్యమం లేచింది. లూథరన్లు, లండన్ మిషన్ వాళ్లు, ఆ తర్వాత కాథలిక్కులు కూడా మాల మాదిగ వాడల తలుపు తట్టక తప్పలేదు. నల్లగొండలో 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్‌లు బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టారు.

అంబేడ్కర్ బతికుండగా అచ్చుకాని ఆయన వ్యాసాలు 1989లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాల్లో ఐదోదానిలో వచ్చాయి. అందులో క్రైస్తవ మిషన్ల మీద ఆయన విమర్శ ఉంది. ముందు బ్రాహ్మణుణ్ని గెలిస్తే మిగతావాళ్లు వెనక వస్తారనుకుని మిషన్లు కాలం పోగొట్టుకున్నాయనీ, కులంతో రాజీపడ్డాయనీ, మతం మారిన అంటరానివాడి కష్టాల మీద పోరాడలేదనీ ఆయన సారాంశం. పత్రికల చరిత్ర చదివితే ఈ విమర్శకు సాక్ష్యం పేజీ పేజీకి దొరుకుతుంది.

పేరులోనే పాఠకుడు

1938లో డార్జిలింగ్ కొండల్లోని కర్సియాంగ్ జెసూట్ విద్యాలయం నుంచి 'క్లర్జీ మంత్లీ' మొదలైంది. పాఠకుడెవరో పేరే చెప్తుంది. ఇది గురువుల పత్రిక. 1970ల మొదట్లో ఆ విద్యాలయం ఢిల్లీకి మారి విద్యాజ్యోతి అయింది. 1975లో పత్రిక కూడా ఆ పేరే పెట్టుకుంది. 1951లో పూనాలో జెసూట్లు పెట్టిన ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ 'సోషల్ యాక్షన్' అనే పత్రికతో సమాజ శాస్త్రాల వైపు వెళ్లింది. 1971లో కేరళ నుంచి జోసెఫ్ కాన్‌స్టంటైన్ మణలేల్ 'జీవధార' తెచ్చాడు. ఇంగ్లీషులోనూ, మలయాళంలోనూ వచ్చింది.

ఈ మధ్యకాలంలో దళిత క్రైస్తవుడి మీద రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది రాజ్యం వేసింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లిములకు సడలించలేదు. చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడి కేసులో 1985లో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అంతే తీవ్రమైన వివక్ష ఉందని నిరూపించాలని చెప్పి పిటిషన్ కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డు కులాల వాళ్లకు బి.సి.-సి అని ఒక శాతం పెట్టారు. తెలంగాణలోనూ అదే కొనసాగింది.

రెండో దెబ్బ సొంత ఇంట్లో నుంచే పడింది. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిశాక, పూజను భారతీయం చేయాలన్న ఉత్సాహం వచ్చింది. 1969లో రోము పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, పంచాంగ ప్రణామం, నూనె దీపాలు, శాలువా, హారతి అందులో ఉన్నాయి. లాటిన్ పోయి తెలుగు రావడం మేలే. నేల మీద కూర్చోవడమూ మేలే. కానీ ఆ పన్నెండింటిలో హారతి ఉంది, డప్పు లేదు. ఊరి గుడిలో తనను లోపలికి రానివ్వని ఆచారాల నుంచి తప్పించుకుని వచ్చినవాడికి, ఆ ఆచారాలే ఇక్కడ భారతీయత పేరుతో ఎదురొచ్చాయి. పత్రికలు ఈ మార్పుల మీద ఎంతో చర్చ చేశాయి. హారతి వైపు వాదన ఉంది, లాటిన్ వైపు వాదన ఉంది. డప్పు వైపు మాట్లాడేవాడు ఆ బల్ల దగ్గర లేడు.

1981: పగులు

1981 ఏప్రిల్‌లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ శూద్ర వేదశాస్త్రం కావాలని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన కాథలిక్ కాదు. తానే దళితుడు. భారతీయ క్రైస్తవ వేదశాస్త్రమని చెలామణీ అవుతున్నది బ్రాహ్మణీయ సంప్రదాయమే అన్నాడు. ఉపాధ్యాయ్ నుంచి వచ్చిన సచ్చిదానంద వరసనంతా ప్రశ్నకు నిలబెట్టాడు. శూద్ర అన్న మాట త్వరలోనే దళిత అయింది. దళిత వేదశాస్త్రం దళితులు, దళితుల కోసం చేసేదిగా ఉండాలని పట్టుబట్టాడు.

అదే 1981లో 'జీవధార'లో కేరళ జెసూట్ శామ్యూల్ రాయన్ రాసిన వ్యాసం వచ్చింది. యేసు గవిని వెలుపట బాధపడి చనిపోయాడన్న హెబ్రీయుల పత్రిక మాటను పట్టుకుని, ఊరి బయట ఉన్నవాళ్ల అవమానంలో పాలు పంచుకోకుండా క్రీస్తు దగ్గరికి వెళ్లలేమన్నాడు. మన భాషలో చెప్పాలంటే, క్రీస్తు చనిపోయింది వెలివాడలో. వేదాంతం దారి పట్టి తొంభై ఏళ్లు నడిచిన కాథలిక్ పత్రికా ప్రపంచానికి ఇది పెద్ద మలుపు. 1992లో అదే పత్రికలో జార్జ్ సోరెస్ ప్రభు, యేసు పాపులతో, సుంకరులతో కలిసి భోంచేయడం దళిత క్రైస్తవులకు ఏం చెప్తుందో రాశాడు. కలిసి తినడమే శుద్ధి అశుద్ధి గోడను కూల్చిన పని అన్నాడు. సముద్రం దాటి కలిసి తిన్నందుకు ప్రాయశ్చిత్తం చేసుకున్న 'సోఫియా' సంపాదకుడి నుంచి ఈ వ్యాసం దాకా వచ్చిన దూరం తక్కువ కాదు.

ఈ మార్పు పత్రికల గదుల్లో నుంచి దానంతటదే పుట్టలేదు. 1985 జులై 17న కారంచేడు జరిగింది. బాధితులు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. రెండు ఊళ్లలోనూ దెబ్బతిన్న వాడల్లో క్రైస్తవులున్నారు. చంపేవాడు మతం అడగలేదు, కులం చూశాడు. మతం మారితే కులం పోతుందని 1950 ఉత్తర్వు చెప్పిన అబద్ధం రోడ్డు మీద బట్టబయలైంది. తమిళనాడులో జెసూట్ ఆంటొనీ రాజ్ 1992లో అచ్చువేసిన అధ్యయనం చర్చి లోపలి వివక్షను, వేరు కూర్చోబెట్టడం, వేరు శ్మశానాలతో సహా బయటపెట్టింది. ఆ తర్వాతే ఎ. మరియ అరుల్ రాజా వంటివాళ్లు బైబిలును దళిత దృష్టితో చదివే వ్యాసాలు ఈ పత్రికల్లో రాయగలిగారు. ముందు వాడ కదిలింది. దాని వెనక పేజీ కదిలింది.

అధికారులు కూడా చివరికి ఒప్పుకున్నారు. 2016 డిసెంబరులో కాథలిక్ బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధాన పత్రం విడుదల చేసింది. దేశంలోని కోటీ తొంభై లక్షల కాథలిక్కుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులని అది లెక్క చెప్పింది. చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. దళితుడైన మారంపూడి జోజి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యాడు. అదే పీఠంలో ఉన్న పూల ఆంథొనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యాడు. తొలి దళిత కార్డినల్ తెలుగువాడు కావడం మనకు గర్వమే. కానీ పదవి వచ్చినంత తేలిగ్గా పేజీ రాదు. కార్డినల్‌ను రోము నియమిస్తుంది. మేధావిని ఎవరూ నియమించలేరు, తయారు కావాలి. తయారు కావడానికి బడి, భాష, పత్రిక కావాలి.

అనంతగిరి నుంచి చూస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కలకత్తా, కర్సియాంగ్ పత్రికలతో అనంతగిరికి ఏం పని?

అనంతగిరి అంటే వికారాబాదు కొండలు కాదు, అరకు దగ్గరిదీ కాదు. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ పక్కన కొత్తగా వచ్చిన మండలం. పాత నల్లగొండ జిల్లా. కాథలిక్ లెక్కలో ఈ ప్రాంతం ముందు హైదరాబాదు కింద మిలాను మిషనరీల పరిధిలో ఉండేది. 1952లో వరంగల్ మేత్రాసనం, 1976లో నల్లగొండ మేత్రాసనం ఏర్పడ్డాయి. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. కాల్వ కింద వరి పండింది. నాటు వేసింది, కోత కోసింది మాల మాదిగ కూలీలు. ఒకే మతంలో భూమి ఉన్నవాడూ, ఆ భూమిలో కూలికి వెళ్లేవాడూ కూడా ఉన్న ప్రాంతమిది.

పత్రిక ఈ పల్లెలకు నేరుగా రాదు. దాని దారి వేరు. పత్రికలో వచ్చిన ఆలోచన సెమినరీ పాఠంలోకి వెళ్తుంది. అక్కడ చదివిన యువకుడు ఫాదరై విచారణకు వస్తాడు. అతని ప్రసంగంలో, అతను ఎవరింట్లో భోంచేస్తాడన్న దానిలో, పండక్కి ఏ వాయిద్యం మోగనిస్తాడన్న దానిలో, సర్టిఫికెట్ గొడవ వస్తే ఎవరి పక్షం నిలబడతాడన్న దానిలో ఆ పత్రిక పనిచేస్తుంది. వాడలో ఎవరూ చదవని పత్రిక వాడ బతుకును ఇట్లా తాకుతుంది. కాబట్టి ఆ పత్రికలో ఏం రాస్తారో అడిగే హక్కు వాడకు ఉంది.

సర్టిఫికెట్ గొడవ అంటే తెలుసు కదా. ఆదివారం పేరు జోసెఫ్, సోమవారం మండలాఫీసులో పేరు వేరు. గుడికి పోతే రిజర్వేషన్ పోతుందేమోనన్న భయం. పోకపోతే తాతల కాలం నాటి విశ్వాసం పోతుందన్న బాధ. తన దేవుడి పేరు బయటికి చెప్పుకోలేని మనిషి ఆలోచన చరిత్రలోకి ఎట్లా ఎక్కుతాడు? 2022లో కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్ ఈ విషయాన్నే పరిశీలించడానికి వచ్చింది. అంతకు ముందు 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డు కుల హోదాకు మతంతో ముడి తెంచాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు. కాథలిక్ మేధో పత్రిక ఏదైనా ఇక్కడ నుంచి మొదలుకాకపోతే అది ఎన్ని ఉపనిషత్తులు చదివినా మన గురించి ఏమీ చదవనట్టే.

ఇంకో మాట. మేధావి అంటే ఇంగ్లీషులో రాసేవాడే అనుకోవడం కూడా ఆ పత్రికల నుంచి వచ్చిన అలవాటే. ఫాదర్ నెలకోసారి వచ్చే పల్లెలో మిగతా రోజుల్లో ప్రార్థన నడిపింది ఉపదేశి. చాలా చోట్ల ఆయన ఆ వాడ మనిషే. చదువు నేర్పింది ఆయన, జబ్బు పడితే పక్కన కూర్చుంది ఆయన, ఊరి పెద్దలతో తగాదా వస్తే ముందు నిలబడిందీ ఆయనే. కష్టాల్లో ఉన్న మనిషికి దేవుడి మాటను తన భాషలో విడమర్చి చెప్పినవాడు వేదశాస్త్రం చేసినట్టు కాదా? ఆ పని కోసం ఆయనకు ఒక పేజీ ఎవరూ ఇవ్వలేదు. 'లైట్ ఆఫ్ ది ఈస్ట్' ఇరవై నాలుగేళ్ల సంపుటాలు గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఉపదేశి చెప్పిన మాటలు ఆయనతోనే మట్టిలో కలిశాయి.

మన ముందున్న పని

పాత పత్రికలను తగలబెట్టాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. చదవాలి. ఉపాధ్యాయ్ ధైర్యాన్ని, యోహాన్స్ శ్రమను చదవాలి. వాళ్ల మౌనాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి. ఏ సంచికలో అంటరానితనం మాటే లేదో, ఆ ఏడాది మన ఊళ్లలో ఏం జరిగిందో పక్కపక్కన రాసుకోవాలి.

విద్యార్థులకు చేతి దగ్గరే పని ఉంది. విచారణల్లోని జ్ఞానస్నానాల, పెళ్లిళ్ల, చావుల రిజిస్టర్లు అనుమతి తీసుకుని చూడాలి. ఏ వాడ నుంచి ఏ ఏడాది ఎవరు వచ్చారో, సమాధుల దొడ్డిలో ఎవరి చోటు ఎక్కడో రాయాలి. బతికున్న పాత ఉపదేశుల దగ్గర, వాళ్ల భార్యల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు, పాటలు రికార్డు చేయాలి. ఉపదేశి భార్య చేసిన పనిని ఏ పత్రికా రాయలేదు, ఉపదేశి గురించి రాసినవాళ్లు కూడా రాయలేదు. ఇది ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి చేయగల పని. దీనికి గ్రాంటు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు.

చర్చి పెద్దలను అడగాల్సినవి మూడున్నాయి. ఆలోచనల పత్రిక తెలుగులో రావాలి. దాని సంపాదకవర్గంలో మాల మాదిగ వాడల నుంచి వచ్చిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఉండాలి. అందులో రాసినందుకు ఎవరి బదిలీ, ఎవరి ఉద్యోగం ప్రమాదంలో పడకూడదు. మూడోది లేకపోతే మొదటి రెండూ అలంకారమే. 'సోఫియా'ను చంపింది నిషేధమన్న సంగతి మరచిపోకూడదు. ఆ సంపాదకుడి కులాభిమానాన్ని ఎంత ఖండించినా, అధికారానికి భయపడి ఆలోచన ఆగిపోకూడదన్న పాఠం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే.

1744లో గడప తొక్కడానికి వేరే మనిషిని పెట్టారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా, వాడ గురించి ఆలోచించే పనిని కూడా వేరే మనుషులే చేశారు. అనంతగిరి, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు, పిహెచ్‌డీలు చేస్తున్నారు. తమ తాతల విశ్వాసం గురించి, తమ తల్లుల కూలి గురించి, ఈ రెంటి మధ్య ఉన్న దేవుడి గురించి వాళ్లే రాయాలి. అచ్చువేసే చోటు ఇవ్వకపోతే 'మూక్‌నాయక్' చూపిన దారి ఎటూ ఉండనే ఉంది.